పఠనావగాహన లోపం

అక్షరాలను, పదాలను తప్పు లేకుండా చదవగలిగినా, రాసినవారు చెప్పినదేమిటో సరిగా గ్రహించలేకపోవడాన్ని పఠనావగాహన లోపం అంటారు. ఉన్నదాన్ని గమనించకపోవడం, లేనిదాన్ని ఉందనుకోవడం, ఒకరి మాటను మరొకరికి అంటగట్టడం, షరతును వదిలేసి తీర్మానాన్ని మాత్రమే పట్టుకోవడం, ఎత్తిపొడుపును పొగడ్తగా తీసుకోవడం దీని సాధారణ రూపాలు. బడిపిల్లల్లో ఎంత కనిపిస్తుందో, పెద్ద చదువులు చదివినవారి వాదప్రతివాదాల్లోనూ అంతే కనిపిస్తుంది. విద్యామనోవిజ్ఞానం, భాషాశాస్త్రం, తర్కశాస్త్రం, సాహిత్య విమర్శ దీన్ని వేర్వేరు కోణాల్లో పరిశీలించాయి.

## పరిధి, సమీప భావనలు

అక్షరాలే రాకపోతే అది నిరక్షరాస్యత. అక్షరానికీ ధ్వనికీ మధ్య సంబంధాన్ని పట్టుకోవడంలో ఇబ్బంది ఉంటే అది డిస్లెక్సియా. మెదడుకు దెబ్బ తగలడం వల్లనో పక్షవాతం వల్లనో, అంతకుముందున్న చదివే శక్తి పోతే అది అలెక్సియా. ఫ్రెంచి నాడీవైద్యుడు జూల్ డెజెరిన్ 1891, 1892లలో దీన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. అర్థం తెలియకుండానే చాలా చిన్న వయసులో గడగడా చదివే స్థితికి 1967లో సిల్బర్‌బర్గ్‌లు హైపర్‌లెక్సియా అని పేరుపెట్టారు. పఠనావగాహన లోపం ఈ నాలుగింటికీ భిన్నమైనది. ఈ లోపమున్నవారు ధారాళంగా చదువుతారు, ఉచ్చారణ స్పష్టంగా ఉంటుంది. అందుకే వినేవారికి లోపం కనిపించదు.

మరో రెండు విషయాలను కూడా దీని నుంచి వేరుచేయాలి. రచయిత మాట సరిగా అర్థమైన తరువాత దాన్ని కాదనడం భేదాభిప్రాయం. సరిగా అర్థమయ్యీ కావాలని వేరే అర్థం తీయడం వక్రీకరణ, భారతీయ తర్కశాస్త్రంలో దీనికి ఛలమని పేరు (చూ. భారతీయ శాబ్దబోధ సిద్ధాంతాలు). వాదనల్లో ఈ మూడూ కలగలిసిపోతాయి. ఒకరిది లోపమో ఛలమో బయటి నుంచి తేల్చడం తరచుగా కష్టం.

## అవగాహన జరిగే తీరు

చదివేటప్పుడు కన్ను అక్షరాల వెంట నున్నగా జారదు. ఒక చోట ఆగి, చిన్న గెంతు వేసి, మరో చోట ఆగుతుంది. ఒక్కో ఆగుదల సగటున సెకనులో నాలుగో వంతు ఉంటుంది. ఆ ఆగుదలలోనే పదం గుర్తింపు జరుగుతుంది. కొన్ని గెంతులు వెనక్కు కూడా ఉంటాయి. అర్థం కుదరనప్పుడు కన్ను తిరిగి వెనక్కు వెళ్లడం మంచి పాఠకుడి లక్షణం.

పదం గుర్తించడంతో పని పూర్తి కాదు. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం పఠనావగాహన అనేది లిపిని విడమరిచే శక్తికీ, విన్న మాటను అర్థం చేసుకునే శక్తికీ లబ్ధం. కూడిక అని కాకుండా గుణకారం అని చెప్పడంలోనే దీని బలముంది: రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. లిపి మీద ఎంత పట్టున్నా, చెవితో విన్నప్పుడే అర్థంకాని వాక్యం కంటితో చదివినప్పుడు అర్థంకాదు.

వాల్టర్ కించ్ ప్రతిపాదించిన వివరణలో మూడు అంతస్తులున్నాయి. మొదటిది పదాలూ వాక్యనిర్మాణమూ ఉన్న ఉపరితలం. రెండోది ఆ వాక్యాలు చెప్పే విషయాల అల్లిక. మూడోది పాఠకుడు తన లోకజ్ఞానాన్ని కూడా జోడించి మనసులో కట్టుకునే పరిస్థితి చిత్రం. ‘గొడుగు మరిచిపోయి బయల్దేరాడు, ఇంటికి చేరేసరికి చొక్కా పిండితే నీళ్లు కారాయి’ అన్న వాక్యంలో వాన ఊసే లేదు. వానను చేర్చుకున్నది పాఠకుడే. మూడో అంతస్తు కట్టుకోలేనివారు వాక్యాన్ని తిరిగి అప్పగించగలరు, దాని గురించి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేరు. బట్టీ చదువుకు ఇదే సరైన వర్ణన.

## భారతీయ శాబ్దబోధ సిద్ధాంతాలు

మాట నుంచి అర్థం ఎలా కలుగుతుందన్న చర్చ భారతదేశంలో న్యాయ, మీమాంస, వ్యాకరణ శాస్త్రాల్లో చాలా లోతుగా సాగింది. 17వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ ఈ విషయంలో తొలి పాఠ్యగ్రంథం. దాని ప్రకారం వాక్యార్థజ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు కారణాలు కావాలి. పదానికి పదం అవసరమై ఒకదాన్నొకటి కోరడం ఆకాంక్ష. ‘ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు’ అంటే అది వాక్యం కాదు. అర్థాల మధ్య పొంతన యోగ్యత; ‘నిప్పుతో తడుపు’ అన్నదానికి అది లేదు. పదాలు ఆలస్యం లేకుండా దగ్గరదగ్గరగా రావడం సన్నిధి. గంటకొక మాట చొప్పున పలికితే వాక్యం ఏర్పడదు. ఈ మూడింటికీ తాత్పర్యజ్ఞానాన్ని, అంటే వక్త ఉద్దేశాన్ని తెలుసుకోవడాన్ని, నాలుగోదిగా చేర్చినవారున్నారు. ‘సైంధవం తీసుకురా’ అన్నప్పుడు భోజనం వేళ అయితే ఉప్పు, ప్రయాణం వేళ అయితే గుర్రం అని తెలియాల్సింది సందర్భం వల్లనే.

గ్రంథ తాత్పర్యాన్ని నిర్ణయించడానికి మీమాంసకులు, వేదాంతులు ఆరు గుర్తులు చెప్పారు. మొదలూ ముగింపూ ఒకే విషయం మీద ఉన్నాయా, ఏ మాట పదేపదే వచ్చింది, కొత్తగా చెప్పినదేమిటి, దాని ప్రయోజనమేమిటి, దేన్ని ప్రశంసించడానికో నిందించడానికో అదనపు మాటలు వాడారు, ఏ యుక్తులతో నిలబెట్టారు అని చూడాలి. ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అని వీటి పేర్లు. ఒక వాక్యాన్ని తుంచుకుని మొత్తం గ్రంథానికి అర్థం కట్టకూడదన్నది వీటి వెనుకనున్న నియమం. ఇంత పొందికైన పఠన పద్ధతి మన దగ్గరుండి కూడా బడుల భాషాబోధనలోకి రాకపోవడం పెద్ద నష్టం.

న్యాయసూత్రాలు ఛలాన్ని మూడుగా విభజించాయి. పదానికున్న రెండర్థాల్లో వక్త ఉద్దేశించనిదాన్ని పట్టుకోవడం వాక్ఛలం: ‘ఇతడిది నవకంబలం’ అని కొత్త కంబళి గురించి చెబితే, ‘తొమ్మిది కంబళ్లెక్కడ?’ అని ఎదురు ప్రశ్న వేయడం. ఒక సందర్భంలో చెప్పిన మాటను అందరికీ అన్ని వేళలా వర్తించే నియమంగా సాగదీయడం సామాన్యఛలం. ‘మంచాలు అరుస్తున్నాయి’ అంటే మంచాల మీది మనుషులని గ్రహించక, కొయ్యకు నోరెక్కడిదని వాదించడం ఉపచారఛలం. వాదాన్ని గెలవడానికి వాడే అక్రమ సాధనాల్లో న్యాయసూత్రాల కర్త గౌతముడు ఛలాన్ని చేర్చాడు. ఉద్దేశం లేకుండానే ఈ మూడు పొరపాట్లూ చేసే పాఠకులు ఎక్కువ.

వ్యాఖ్యాన సంప్రదాయం ఈ సిద్ధాంతాలకు ఆచరణ రూపం. పదాలను విడదీయడం, ఒక్కో పదానికి అర్థం చెప్పడం, సమాసాలను విప్పడం, వాక్యాన్ని అన్వయించడం, ఆక్షేపాలకు సమాధానమివ్వడం వ్యాఖ్యాత పనులు. నేటి మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసాది మహాకవుల కావ్యాలకు రాసిన వ్యాఖ్యలు ఈ పద్ధతికి ప్రమాణాలు. మూలంలో లేనిదేదీ రాయనని ఆయన ముందే చెప్పుకున్నాడు. తెలుగు తరగతి గదుల్లో ప్రతిపదార్థం, తాత్పర్యం రాయించడం ఈ సంప్రదాయం నుంచి వచ్చినదే. గైడులోని తాత్పర్యాన్ని ఎక్కించుకుని రాయడం అలవాటయ్యాక దాని ప్రయోజనం చాలావరకు పోయింది.

## ఆధునిక పరిశోధన

అమెరికా మనోవిజ్ఞాని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1917లో పిల్లలకు ఒక పేరా ఇచ్చి ప్రశ్నలడిగాడు. ఒక ఊళ్లో బడి హాజరు నియమం గురించిన పేరా అది. పేరా దేని గురించి అని అడిగితే కొందరు ఊరి పేరు చెప్పి ఊరుకున్నారు. కొన్ని పదాలకు ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ బరువు, కొన్నింటికి తక్కువ బరువు ఇవ్వడం వల్ల తప్పులు పుడుతున్నాయని ఆయన తేల్చాడు. చదవడమంటే తర్కించడమేనన్నది ఆయన నిర్ణయం. వందేళ్లు దాటినా ఈ వివరణను మించినది రాలేదనడం అతిశయోక్తి కాదు.

1929లో ఐ. ఎ. రిచర్డ్స్ ప్రచురించిన ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ చదువుకున్నవారి సంగతి బయటపెట్టింది. కేంబ్రిడ్జి విద్యార్థులకు కవుల పేర్లు తీసేసి పదమూడు కవితలిచ్చి అభిప్రాయాలు రాయించాడు. చాలామంది కవితలోని సూటి అర్థాన్నే పట్టుకోలేకపోయారు. సొంత జ్ఞాపకాలను కవితలోకి చొప్పించడం, ముందే సిద్ధంగా ఉన్న భావోద్వేగాన్ని వెళ్లబోసుకోవడం, తమ సిద్ధాంతానికి సరిపోని మాటను తప్పుగా చదవడం వంటి పది అడ్డంకులను ఆయన వర్గీకరించాడు.

ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932 నాటి పుస్తకంలో వివరించిన ప్రయోగంలో ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లండు పాఠకులకిచ్చి, కొంతకాలం తరువాత తిరిగి చెప్పించాడు. వారికి తెలియని దోనె పడవగా మారింది, సీల్ వేట చేపలవేటగా మారింది, వింతగా తోచిన భాగాలు మాయమయ్యాయి. కొత్త విషయాన్ని పాఠకుడు తనకు తెలిసిన మూసలో పోసుకుంటాడని ఇది చూపింది.

1972లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్సియా జాన్సన్ ఇచ్చిన పేరాలో కష్టమైన పదమేదీ లేదు. అయినా చదివినవారికి ఏమీ అర్థం కాలేదు. అది బట్టలుతకడం గురించి అని ముందుగా చెప్పినవారికి మాత్రం తేలిగ్గా అర్థమైంది. చదివాక చెబితే ప్రయోజనం లేకపోయింది. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ బేస్‌బాల్ ఆట వర్ణనను 64 మంది విద్యార్థుల చేత చదివించారు. చదువులో వెనుకబడినా ఆట తెలిసినవారు, చదువులో ముందున్నా ఆట తెలియనివారికంటే మెరుగ్గా గ్రహించారు.

ఎలెన్ మార్క్‌మన్ 1979లో పరీక్షించినది మరొకటి: తనకు అర్థంకాలేదన్న సంగతి పాఠకుడికి తెలుస్తుందా? సముద్రం అడుగున వెలుతురే ఉండదని, అక్కడి చేపలు రంగును చూసి ఆహారాన్ని గుర్తుపడతాయని చెప్పే వ్యాసంలోని వైరుధ్యాన్ని చాలామంది పిల్లలు గమనించలేదు. పెద్దలూ మినహాయింపు కాదని 1981లో ఎరిక్సన్, మాట్సన్ చూపారు. మోషే తన ఓడలోకి ఒక్కో జంతువును ఎన్నేసి చొప్పున ఎక్కించాడని అడిగితే, ఓడ కట్టినది నోవహు అని తెలిసినవారు కూడా ‘రెండేసి’ అని జవాబిచ్చారు.

## లోపాల రకాలు

సూటి అర్థంలో లోపం అన్నింటికంటే ప్రాథమికమైనది: ఎవరు, ఎప్పుడు, ఎంత అన్నవి తారుమారవుతాయి. ‘కొందరు’ అన్నది ‘అందరు’గా, ‘అయితే’ అన్న షరతు ‘అయింది’ అన్న వాస్తవంగా మారతాయి.

ఊహాలోపంలో వాక్యాల మధ్య ఖాళీలు పూరించడం కుదరదు. బ్రిటన్‌లో జేన్ ఓక్‌హిల్, నికోలా యూయిల్, కేట్ నేషన్ వంటివారు ధారాళంగా చదువుతూ అర్థం చేసుకోలేని పిల్లలను ప్రత్యేకంగా పరిశీలించారు. ప్రాథమిక పాఠశాల పిల్లల్లో వీరు సుమారు పదిశాతం ఉంటారని ఆ పరిశోధనల అంచనా. సర్వనామం ఎవరిని సూచిస్తుందో తేల్చడం, కారణాన్ని ఊహించడం, అర్థంకాని చోటును గుర్తించడం వీరికి కష్టం.

స్వరాన్ని గ్రహించడంలో లోపం సాహిత్యంలో తరచుగా ఎదురవుతుంది. తెలుగులో నిందాస్తుతి బలమైన సంప్రదాయం. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలోనూ, రామదాసు కీర్తనల్లోనూ భక్తుడు దేవుణ్ణి నిలదీస్తాడు, దెప్పుతాడు. ఆ మాటలను యథాతథంగా తీసుకుంటే భక్తి దూషణగా కనిపిస్తుంది. గద్యంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే గొంతు వినిపించదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం ఈమెయిళ్లపై చేసిన ప్రయోగంలో, తమ వ్యంగ్యం 78 శాతం సందర్భాల్లో అవతలివారికి తెలుస్తుందని రాసినవారు అనుకున్నారు. నిజంగా తెలిసినది 56 శాతం సందర్భాల్లో. బొమ్మాబొరుసూ వేసి చెప్పినా దాదాపు అంతే వస్తుంది.

పూర్వాభిప్రాయం వల్ల కలిగే లోపం వేరే జాతిది. 1979లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ లార్డ్, లీ రాస్, మార్క్ లెపర్ మరణశిక్షను సమర్థించే, వ్యతిరేకించే విద్యార్థులకు ఒకే జత అధ్యయనాలు చదవడానికిచ్చారు. ఇరుపక్షాలూ తమకు అనుకూలమైనదాన్ని గట్టిదన్నాయి, రెండోదానిలో తప్పులు వెదికాయి. చదివాక తమ అభిప్రాయం ఇంకా బలపడిందన్నాయి. ఇక్కడ లోటు భాషాశక్తిలో లేదు కాబట్టి భాషాపాఠాలతో ఇది పోదు.

## తెలుగు వాక్యంలో పొరపాటుకు తావిచ్చే చోట్లు

ప్రతి భాషా పాఠకుణ్ణి తనదైన చోట్ల తడబరుస్తుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, నిషేధం క్రియలోనే ఉంటుంది. ‘ఈ పథకం వల్ల రైతులకు నష్టం జరుగుతుందని కమిటీ భావించడం లేదు’ అన్న వాక్యంలో చివరి పదం వరకూ అర్థం తేలదు. మధ్యలో వదిలేసిన పాఠకుడికి సరిగ్గా వ్యతిరేకార్థం మిగులుతుంది. పొడుగు వాక్యాలు రాసే పత్రికల్లో ఇది చిన్న ప్రమాదం కాదు.

అనుకృతిలో చిక్కు మరింత ఎక్కువ. ‘ఈ మందు మధుమేహాన్ని పూర్తిగా నయం చేస్తుందని జరుగుతున్న ప్రచారంలో నిజం లేదని వైద్యులు చెప్పారు’ అన్నప్పుడు రెండు ‘అని’లున్నాయి, రెండు వేర్వేరు గొంతులున్నాయి. తొందరపాటు పాఠకుడు మొదటి గొంతును వైద్యులదిగా తీసుకుంటాడు. ‘నేను రానని రవి చెప్పాడు’ అన్న వాక్యంలో రానిది రవియా, వాక్యం రాసినవాడా అన్నది సందర్భమే చెప్పాలి. ఖండించడానికి ఎత్తిచూపిన ప్రత్యర్థి మాటను రచయిత మాటగా పొరబడడం తెలుగు వ్యాసపఠనంలో అతి తరచుగా జరిగే అన్యాయం.

‘బడి మూసేస్తారు’ అన్నది సమాచారం. ‘బడి మూసేస్తారట’ అన్నది విన్న మాట, దానికి రచయిత పూచీపడడం లేదు. ఆ ఒక్క అక్షరం పోతే వదంతి వార్త అవుతుంది. అలాగే ‘సీతే పరీక్షకు రాలేదు’, ‘సీతా పరీక్షకు రాలేదు’, ‘సీత పరీక్షకే రాలేదు’ మూడు వేర్వేరు సంగతులు. తేడా అంతా ఒక అచ్చులో ఉంది. ‘అందరూ రాలేదు’ అంటే కొందరే వచ్చారనీ, ఎవరూ రాలేదనీ రెండు రకాలుగా తీసుకునే వీలుంది. ‘మధ్యాహ్నం రావచ్చు’ అన్నది అనుమతీ కావచ్చు, సంభావ్యతా కావచ్చు. ‘అభ్యంతరం లేకపోలేదు’ అంటే అభ్యంతరం ఉందని. ‘నిన్న మంత్రిని కలిసిన రైతు నాయకుడి కుమారుడు’ అన్నప్పుడు కలిసినది నాయకుడా, కుమారుడా తేలదు. వీటిలో కొన్ని పాఠకుడి లోపాలు, కొన్ని రచయిత దిద్దుకోవాల్సినవి.

లిపి స్వభావం కూడా లోపాన్ని దాచిపెడుతుంది. తెలుగులో రాసినట్టే పలుకుతారు. గుణింతాలు, ఒత్తులు వచ్చినవారు తమకు తెలియని పదాన్ని కూడా చాలావరకు సరిగానే పలకగలరు. అయితే ఆ మెట్టు చేరడానికి కాలం పడుతుంది. ఇటువంటిదే అయిన కన్నడ లిపి మీద 2007లో ప్రచురించిన అధ్యయనంలో సోనాలి నాగ్, అక్షరాలన్నీ పట్టుబడడానికి ప్రాథమిక తరగతుల్లో చాలా ఏళ్లు పడుతుందని చూపారు. అక్షరం మీదనే దృష్టంతా ఖర్చయినంత కాలం అర్థానికి మిగిలేది తక్కువ.

గ్రాంథిక, వ్యావహారిక వివాదానికి కూడా ఈ కోణముంది. గిడుగు రామమూర్తి (1863–1940) బడిపుస్తకాల భాష పిల్లలు మాట్లాడే భాషకు దూరమైనందువల్ల చదువు బట్టీగా మారుతోందని వాదించారు. ఆయన 1913లో ఆధునిక తెలుగుపై విజ్ఞాపనపత్రం, గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపసంఘంలో అసమ్మతిపత్రం రాశారు.

## కారణాలు

పదసంపద మొదటి కారణం. హు, పాల్ నేషన్ 2000లో చేసిన అధ్యయనం ప్రకారం, ఒక పాఠ్యాన్ని సాయం లేకుండా అర్థం చేసుకోవడానికి అందులోని పదాల్లో సుమారు 98 శాతం ముందే తెలిసుండాలి. విషయజ్ఞానం లేకపోవడం రెండోది. జీన్ చాల్ 1983లో చెప్పినట్టు, తొలి మూడు తరగతుల్లో పిల్లలు చదవడం నేర్చుకుంటారు, నాలుగో తరగతి నుంచి చదివి నేర్చుకోవాలి. అక్కడ కొత్త పదాలూ కొత్త విషయాలూ ఒక్కసారిగా పెరుగుతాయి.

వేగం మరో కారణం. ఆంగ్లంలో పెద్దలు మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి 240 పదాలకు దగ్గరగా ఉంటుంది. దాన్ని రెండింతలు, మూడింతలు చేస్తామనే శిక్షణలను 2016లో కీత్ రేనర్ బృందం సమీక్షించి, వేగం పెరిగితే అవగాహన తగ్గుతుందని తేల్చింది. తెర మీద చదివినప్పుడు కూడా అవగాహన కొంత తగ్గుతుంది. 2018లో పాబ్లో డెల్గాడో బృందం 54 అధ్యయనాలను, 1,70,000 మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసింది. సమాచార వ్యాసాలను కాగితం మీద చదివినవారు కొంత మెరుగ్గా గ్రహించారు, సమయం పరిమితమైనప్పుడు తేడా పెరిగింది. కథల విషయంలో తేడా కనిపించలేదు.

బోధన కూడా కారణమే. 1970ల చివర డోలోరెస్ డర్కిన్ అమెరికా తరగతి గదుల్లో కూర్చుని పరిశీలిస్తే, పఠన పాఠాల సమయంలో ఒక శాతం కంటే తక్కువ అవగాహనను నేర్పడానికి వెచ్చిస్తున్నారు. ప్రశ్నలడిగి పరీక్షించడానికి అంతకంటే చాలా ఎక్కువ సమయం పోయేది. పాఠం వెనుక ప్రశ్నలకు జవాబులున్న వాక్యాల కింద పెన్సిలుతో గీత గీయించే తరగతి గది తెలుగునాట చదువుకున్నవారందరికీ తెలుసు.

## కొలత

ప్రథమ్ సంస్థ 2005 నుంచి నిర్వహిస్తున్న అసర్ సర్వే గ్రామీణ పిల్లల చేత అక్షరాలు, పదాలు, పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తుంది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు దేశంలో 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం. ఇదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3 శాతానికి, తెలంగాణలో 18.1 నుంచి 5.2 శాతానికి పడిపోయింది. కోవిడ్ కాలంలో బడులు మూతపడడం దీనికి ప్రధాన కారణం. ఈ అంకెలు ప్రధానంగా బిగ్గరగా చదవగలగడాన్ని చెబుతాయి. అర్థం చేసుకున్నవారు అంతకంటే తక్కువే ఉండాలి. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ సుమారు 86 వేల మంది మూడో తరగతి పిల్లలపై 20 భాషల్లో నిర్వహించిన అధ్యయనం చదివే వేగంతో పాటు అవగాహనను కూడా లెక్కలోకి తీసుకుంది.

అంతర్జాతీయంగా నాలుగో తరగతికి 2001 నుంచి పర్ల్స్, 15 ఏళ్లవారికి 2000 నుంచి పీసా పరీక్షలున్నాయి. 2009 విడత పీసాలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొని దాదాపు అట్టడుగున నిలిచాయి. 2022 విడతలో భారత్ లేదు. పదేళ్ల వయసుకు సులభమైన పాఠాన్ని చదివి అర్థం చేసుకోలేకపోవడాన్ని ప్రపంచ బ్యాంకు 2019లో అభ్యసన పేదరికమని నిర్వచించి, అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో అది 53 శాతమని లెక్కగట్టింది. 2022 నాటి అంచనా 70 శాతం.

## పర్యవసానాలు

మందుచీటీ అన్నింటికంటే స్పష్టమైన ఉదాహరణ. 2006లో టెర్రీ డేవిస్, మైకేల్ వుల్ఫ్ బృందం అమెరికాలో 395 మంది రోగుల చేత మందుసీసాల మీది సూచనలు చదివించింది. రోజుకు రెండుసార్లు రెండేసి మాత్రలు వేసుకోవాలన్న సూచనను, తక్కువ చదువు స్థాయి ఉన్నవారిలో 70.7 శాతం మంది సరిగా చెప్పగలిగారు. రోజుకు ఎన్ని మాత్రలో లెక్కపెట్టి చూపమంటే సరిగా చూపినవారు 34.7 శాతమే.

అప్పుపత్రాలు, భూమి దస్తావేజులు, బీమా షరతుల విషయంలో నష్టం డబ్బు రూపంలో ఉంటుంది. గణితంలో చేతిలెక్క వచ్చిన విద్యార్థి కూడా మాటల లెక్క దగ్గర ఆగిపోతాడు. బహిరంగ చర్చల్లో అనని మాటకు జవాబులు, ఆ జవాబులకు ప్రతిజవాబులు పెరిగి, అసలు ప్రతిపాదన ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

## నివారణ

ఫలితం రుజువైన పద్ధతుల్లో ఆన్మేరీ పలింక్సర్, ఆన్ బ్రౌన్ 1984లో రూపొందించిన పరస్పర బోధన ముఖ్యమైనది. చిన్న బృందంలో పిల్లలు వంతులవారీగా ఉపాధ్యాయుడి స్థానంలో కూర్చుని, చదివిన భాగాన్ని క్లుప్తంగా చెబుతారు, దానిపై ప్రశ్న వేస్తారు, అర్థంకాని చోటును విప్పుకుంటారు, తరువాత ఏమొస్తుందో ఊహిస్తారు. ఖర్చు లేనిది, ఏ బడిలోనైనా సాధ్యమైనది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ మూడో తరగతి నాటికి అర్థంతో కూడిన పఠనాన్ని 2026–27లోగా సాధించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘చదవడం మాకిష్టం’, తెలంగాణలో 2022లో ‘తొలిమెట్టు’ కార్యక్రమాలు వచ్చాయి. రెండు రాష్ట్రాల తెలుగు వాచకాల్లోనూ ‘అవగాహన–ప్రతిస్పందన’ అనే విభాగముంది. అపరిచిత గద్యాన్ని ఇచ్చి ప్రశ్నలడగడం బట్టీని కొంతవరకైనా నిరోధిస్తుంది.

వాదనలో దీనికి విరుగుడు పూర్వపక్షం. ప్రత్యర్థి వాదాన్ని అతడు ఒప్పుకునేంత నిజాయతీగా ముందు తానే చెప్పి, ఆ తరువాతనే ఖండించాలన్నది శాస్త్రగ్రంథాల మర్యాద. కొన్ని దర్శనాల సొంత గ్రంథాలు నశించినా, వాటి వాదాలు ప్రత్యర్థుల పూర్వపక్షాల ద్వారానే మనకు కొంత మిగిలాయి. చార్వాకులు అందుకు ఉదాహరణ. అనాటోల్ రాపపోర్ట్ 1960లో చర్చలకు ఇలాంటి నియమాన్నే ప్రతిపాదించాడు.

అవగాహన నేర్పడాన్ని భాషా ఉపాధ్యాయుడికే వదిలేయడం ప్రస్తుత విధానంలోని ప్రధాన దోషం. విషయజ్ఞానం లేనిదే అర్థం కలగదని పరిశోధన చెబుతున్నప్పుడు, సైన్సు పుస్తకంలోని పేరాను విడమరిచి చదివించాల్సింది సైన్సు ఉపాధ్యాయుడే, చరిత్ర పాఠాన్ని చదివించాల్సింది చరిత్ర ఉపాధ్యాయుడే.